నడుము ఆపరేషన్‌కు అడ్వాన్సు కట్టే ముందు: ఎన్టీఆర్ వైద్య సేవ, సీఎం సహాయ నిధి దరఖాస్తు విధానం

నడుము ఆపరేషన్‌కు లక్షల్లో ఎస్టిమేషన్ రాసి చేతికిస్తే చాలా ఇళ్ళలో బంగారం తాకట్టుకు పోతుంది, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. డబ్బు కట్టేశాక ఎవరో వచ్చి, "ఆరోగ్యశ్రీలో చేయించుకోవచ్చు కదా" అంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నగదు రహిత పథకం. ముందే అనుమతి తీసుకుని చేయించుకుంటే ఆసుపత్రికి పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చెల్లిస్తుంది. మీరు సొంతంగా కట్టేసిన డబ్బును ఆ తర్వాత వెనక్కి ఇవ్వదు. అందుకే ముందు దరఖాస్తు, తర్వాతే ఆపరేషన్ తేదీ.

ఒక్క సందర్భంలో మాత్రం కాగితాల కోసం ఆగకూడదు. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, పాదం పైకి లేవకుండా వేలాడిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఇలాంటి అత్యవసరాల్లో అనుమతిని ఆసుపత్రివాళ్ళే ఫోన్‌లో తీసుకునే ఏర్పాటు పథకంలో ఉంది.

మిగతా వాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అసలు ఈ ఆపరేషన్ మీకు అవసరమా? ఎం.ఆర్.ఐ.లో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బడం) అని కనిపించగానే కంగారు పడొద్దు. ఏ నొప్పీ లేని మనుషులకు తీసినా, ముఖ్యంగా నడివయసు దాటినవాళ్ళలో, అది చాలామందికి కనిపిస్తుంది. డిస్క్ నరాన్ని నొక్కి, నొప్పి పిరుదు నుంచి కాలి కిందికి లాగుతూ, కొన్ని వారాల మందులకు, వ్యాయామానికి తగ్గకపోతే డిస్కెక్టమీ (నరాన్ని నొక్కుతున్న డిస్క్ భాగాన్ని తీసేసే) ఆపరేషన్ కాలి నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. నరం మీద ఒత్తిడి లేకుండా నడుములో మాత్రమే ఉండే పాత నొప్పి సంగతి వేరు. దానికి రాడ్లు, స్క్రూలు వేసే ఫ్యూజన్ ఆపరేషన్ చేసినా, పద్ధతిగా చేయించిన వ్యాయామ చికిత్స కంటే పెద్దగా మేలు కనబడలేదని పరిశోధనల్లో తేలింది. దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామాన్ని సిఫారసు చేశాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స) మామూలుగా వాడొద్దన్నాయి. ఖర్చు ఎక్కువైనంత మాత్రాన అది మంచి వైద్యమైపోదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఫిజియోథెరపీ ఒక్క వారమైనా సరిగ్గా చేయకుండానే ఆపరేషన్ దాకా వెళ్ళేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు.

కాబట్టి మొదటి కాగితం రెండో డాక్టరు అభిప్రాయం. నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్ళు నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగంలో ఓపీ చీటీ రాయించుకోండి. ఫిజియోథెరపీ కూడా అక్కడే అడగండి. తిరుపతి దాకా వెళ్ళగలిగితే టీటీడీ వాళ్ళ బర్డ్ ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. వాడిన మందుల చీటీలు, ఫిజియోథెరపీ కాగితాలు, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు ఏవీ పారేయొద్దు. అనుమతి అడిగేటప్పుడు, ఇంతకుముందు ఏం వైద్యం చేశారో చూపించేవి ఇవే.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్ళకు ఇంకో మాట. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతంలోనే. ఈ తాలూకాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళకు వెన్నెముక బిగుసుకుపోతుంది, వంగడం కష్టమవుతుంది. పైకి అది డిస్క్ నొప్పిలాగే ఉండొచ్చు. ఏ ఊళ్ళో పెరిగారో, ఏ బోరు నీళ్ళు తాగారో డాక్టరుకు చెప్పండి. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అవసరమా అని అడగండి.

ఆపరేషన్ కావాల్సిందేనని తేలితే ఇక దరఖాస్తు. రోగి ఆధార్, రైస్ కార్డు లేదా పథకం కార్డు దగ్గర పెట్టుకోండి. కార్డులో రోగి పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, కార్డులో మరోలా ఉండడం తరచూ కనిపించే చిక్కులు. వీటిని గ్రామ లేదా వార్డు సచివాలయంలో సరిచేయించుకోండి. నొప్పి భరించలేనంత అయ్యాక ఈ పని పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

తర్వాత పథకం కిందకు వచ్చే ఆసుపత్రికి వెళ్ళాలి. ఏది వస్తుందో 104కి ఫోన్ చేస్తే చెబుతారు. అక్కడ వైద్యమిత్ర (పథకం పనులు చూసే ఉద్యోగి) డెస్క్ ఉంటుంది. నేరుగా అక్కడికే వెళ్ళి, "మా డాక్టరు చెప్పిన ఆపరేషన్ పథకం జాబితాలో ఉందా? ఇంప్లాంట్ (రాడ్లు, స్క్రూల) ఖర్చు కూడా ప్యాకేజీలోనే వస్తుందా?" అని అడగండి. కార్డు నమోదు చేశాక డాక్టరు పరీక్షించి రాసినది, ఎం.ఆర్.ఐ. రిపోర్టు, ఫిల్ములు కలిపి ఆసుపత్రివాళ్ళే ఆన్‌లైన్‌లో అనుమతికి పంపుతారు. మీరు ఏ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. ట్రస్టు డాక్టర్లు సందేహం అడిగితే 'క్వెరీ వచ్చింది' అంటారు. అంటే తిరస్కరించినట్టు కాదు, ఏదో కాగితం తక్కువైందని అర్థం. ఏది కావాలో కనుక్కుని ఆ రోజే ఇచ్చేయండి.

అనుమతి వచ్చాక ప్యాకేజీలో ఉన్నదానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. "మంచి స్క్రూలు వేస్తాం, పైన కొంచెం కట్టండి" అని ఎవరైనా అంటే రశీదు అడగండి, 104కి ఫిర్యాదు చేయండి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే అలవాటు మనకు పాతదే గాని, అక్కడి ప్రతి ఆసుపత్రీ ఈ పథకంలో లేదు. బస్సెక్కే ముందే కనుక్కోండి.

పథకంలో ఆ చికిత్స లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. దీన్ని సాధారణంగా ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపుతారు. ఆపరేషన్‌కు ముందైతే ఆసుపత్రి ఎస్టిమేషన్ జత చేసి ఎల్.ఓ.సి. (నిధి నుంచి ఆసుపత్రికి చెల్లిస్తామనే హామీ పత్రం) అడగాలి. అయిపోయాకైతే అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకలు ఇవ్వాలి. అసలు బిల్లులు తిరిగి రావు కాబట్టి ముందే జిరాక్సులు తీసి పెట్టుకోండి. ఈ నిధి నుంచి ఖర్చంతా వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేయొద్దు, వచ్చేది అందులో కొంత భాగమే.

ఏదైనా ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్ళు జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతోందో లేదో చూసుకోండి. పడుతుంటే మీ దారి ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి మొదలవుతుంది. ఇంట్లో 70 ఏళ్ళు నిండిన పెద్దవాళ్ళు ఉంటే, ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. దాన్ని ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో నమోదు చేసుకోవచ్చు.