మారుమూల గూడేల్లో చూపులేనివారికి శిక్షణ – 4వ పాఠం: కర్ర ఇచ్చాక ఏం చేయాలి?

పోయిన పాఠం చివర, మీ మండలానికి ఒక శిక్షణ ప్రణాళిక రాసి పంపమన్నాను. పాడేరు, పెదబయలు, జి.మాడుగుల, అనంతగిరి నుంచి వచ్చినవన్నీ చదివాను. చాలా శ్రద్ధగా రాశారు. కానీ దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోయారు: విశాఖపట్నంలో మూడు రోజుల క్యాంపు. ఎంవీపీ కాలనీలోనో మద్దిలపాలెంలోనో ఒక హాలు, భోజనాలు, ఆఖరి రోజు తెల్లకర్రల పంపిణీ, గ్రూప్ ఫోటో. ఆ తర్వాత పేజీ ఖాళీ. అందుకే ఈసారి చెప్పాలనుకున్న బ్రెయిలీ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

ముందు మీ జాబితాల సంగతి చూద్దాం. ‘కళ్లు కనపడవు’ అని ఒకే గడి పెట్టి అందరినీ అందులో రాసేశారు. అందులో శుక్లాలు ముదిరిన ముసలివాళ్లు ఉన్నారు, కళ్లద్దాలు పెడితే సరిపోయే పిల్లలు ఉన్నారు, పుట్టుకతో చూపు లేనివాళ్లూ ఉన్నారు. ఆపరేషన్‌తో చూపు వచ్చే మనిషికి కర్ర పట్టుకోవడం నేర్పితే అది ఆయనకు అన్యాయం. పగటి వెలుతురులో, మీకూ ఆ మనిషికీ మధ్య మూడు మీటర్లు, అంటే సుమారు పది అడుగుల దూరం ఉంచి వేళ్లు చూపించండి. ఒక్కో కన్ను విడిగా మూసి చూడాలి. కళ్లద్దాలుంటే పెట్టుకునే చూడమనండి. మెరుగ్గా ఉన్న కంటితో కూడా వేళ్లు లెక్కపెట్టలేకపోతే, చూపు 3/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేది 3 మీటర్ల నుంచే కనపడటం) కంటే తక్కువ ఉండొచ్చని గుర్తు పెట్టుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంధత్వానికి చెప్పిన కొలతల్లో అదొకటి. చూపు పరిధి 10 డిగ్రీలకు లోపు కుంచించుకుపోయినా అంధత్వమే. అలాంటివాళ్లు ఎదురుగా వేళ్లు లెక్కపెట్టేస్తారు, పక్కనున్న బండరాయికి మాత్రం కొట్టుకుంటారు. వాళ్లని వదిలేయకండి. మీరు చేసేది వడపోత మాత్రమే, నిర్ధారణ డాక్టరే చేయాలి.

డాక్టర్ దగ్గరకు ఎలాగూ తీసుకెళ్లాలి కాబట్టి కంటి పరీక్షను, సదరం సర్టిఫికెట్‌కు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కావాల్సిన కాగితాలను ఒకే ప్రయాణంలో పెట్టుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే ఇప్పుడు నెలకు 6,000 రూపాయల పింఛనుకు దారి ఏర్పడుతుంది. సదరం పరీక్షకు స్లాట్ గ్రామ సచివాలయంలోనే బుక్ చేస్తారు. ఇంకో సంగతి. కొందరు దరఖాస్తుల మీద ఇంకా విశాఖ జిల్లా అనే రాస్తున్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మీది అల్లూరి సీతారామరాజు జిల్లా, కాగితాలు పాడేరు వెళ్లాలి. పెద్ద పరీక్షలకు, ఆపరేషన్లకు మాత్రం విశాఖలోని చినవాల్తేరు ప్రాంతీయ కంటి ఆసుపత్రి లాంటి చోటికి కిందకి దిగక తప్పదు.

ఇక అసలు విషయానికొస్తాను. హాల్లో నేర్పిన నడక హాలు దాటి రాదు.

తెల్లకర్రతో నడిచే పద్ధతిని 1940ల్లో అమెరికాలో రిచర్డ్ హూవర్ ఒక సైనిక ఆసుపత్రిలో, యుద్ధంలో చూపు పోయినవాళ్ల కోసం తయారుచేశారు. కర్రను భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ, కుడి అడుగు వేసేటప్పుడు మొన ఎడమవైపు, ఎడమ అడుగు వేసేటప్పుడు కుడివైపు నేలను తాకించాలి. చదును నేల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మీ హాల్లో టైల్స్ ఉంటాయి, గోడలు ఉంటాయి, కర్ర చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. మూడో రోజుకి అందరూ నడిచేస్తారు. వాళ్లని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కించి పంపేస్తాం. గూడెం చేరాక ఆ కర్ర చూరులోకి చేరుతుంది.

ఎందుకో ఒక దారి చెప్తాను. పెదబయలు వైపు నేను నడక నేర్పిన ఒక పెద్దావిడ ఇంటి నుంచి గెడ్డకు, అంటే కొండవాగుకు, వెళ్లే దారి అది. గుమ్మం దిగగానే పేడతో అలికిన అరుగు, దాని అంచున ఎత్తు పల్లాల రాతి మెట్టు. తర్వాత పనస చెట్టు వేర్లు అడ్డంగా ఉంటాయి. అక్కడి నుంచి దారి ఒక పక్కకు వాలుతుంది, కుడిపక్క దడి కూడా లేదు. ఎండాకాలం గులకరాళ్లు, వానాకాలం జారుడు బురద. కర్రను గాలిలో లేపి తాకిస్తూ వెళ్తే దారి అంచు ఎక్కడ తెగిందో తెలియదు. ఇక్కడ మొనను నేల నుంచి ఎత్తకుండా రాస్తూ నడిపించాలి, అడుగులు చిన్నవి చేయించాలి. సన్న మొన బురదలో దిగబడుతుంది, రాళ్ల సందులో ఇరుక్కుని కడుపులో పొడుస్తుంది. మడత కర్రలో సాగే తాడు వదులైతే కీలు దగ్గర ఊగుతుంది, దాన్ని బాగుచేసేవాళ్లు మండలంలో దొరకరు.

నన్నడిగితే గూడెంలో వెదురు కర్రే మేలు. రొమ్ము ఎముక ఎత్తుకు కోసి, నున్నగా గీసి, కింద చేతికర్రలకు వేసే రబ్బరు బుష్ బిగించండి. అది అరిగితే సైకిల్ ట్యూబు ముక్కలు మందంగా చుట్టి కట్టేయొచ్చు. తెల్లరంగు బండి నడిపేవాడికి గుర్తు కాబట్టి సంతకు, రోడ్డుకు వెళ్లేవాళ్ల కర్రకు తెల్లరంగు తప్పకుండా వేయండి. ఫ్యాక్టరీ కర్ర కావాలనుకున్నా వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద అర్హులకు వస్తుంది. ఏ రకంగా చూసినా కర్రలు మీ బడ్జెట్‌లో పెద్ద ఖర్చు కాకూడదు. శిక్షకుడు మళ్లీ మళ్లీ ఆ గుమ్మానికి వెళ్లడానికి అయ్యే బస్సు, జీపు, రాత్రి బస ఖర్చే పెద్ద పద్దు కావాలి. మీ ప్రణాళికల్లో ఆ పద్దే లేదు.

ఆ పెద్దావిడకు ఎడమ, కుడి అని చెప్పినంతకాలం పని సాగలేదు. ‘గెడ్డ వైపు, కొండ వైపు’ అన్నాక దారి ఆవిడ చేతికొచ్చింది. నీళ్ల చప్పుడు పెరుగుతుంటే దగ్గరపడినట్టు, కోళ్ల చప్పుడు వినిపిస్తే ఇల్లు వచ్చినట్టు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గూడేల్లో దుబాసీ లేకుండా మొదలుపెట్టొద్దు. ఆ దుబాసీ ఆ ఊరి మనిషే అయితే రోజూ సాధన చేయించేదీ ఆయనే అవుతాడు. ప్రాథమిక ఆరోగ్యం గురించిన 1978 ఆల్మా ఆటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చిన సమాజ ఆధారిత పునరావాసం, మనం సీబీఆర్ అనేది, ఈ మనిషి మీదే నిలబడుతుంది. ఆశా కార్యకర్త మీద ఇంకో బరువు వేయకండి, ఒక గౌరవ వేతనం పెట్టి వేరే మనిషిని తీసుకోండి.

చెయ్యిచ్చి దారి చూపడం రెండో పాఠంలో వచ్చింది. కొండదారికి ఒక్క మార్పు: ఇద్దరు పక్కపక్కన పట్టని చోట మీ చెయ్యి నడుం వెనక్కి పెట్టండి, వాళ్లు సరిగ్గా మీ వెనకే నడుస్తారు. గెడ్డ పొంగితే దాటించే పద్ధతి ఏదీ లేదు, ఆగిపోవాలి.

కొంచెం చూపున్నవాళ్లకు మెట్టు అంచున సున్నం గీత, చీకటి వంటింట్లో తెల్లటి అన్నానికి ముదురు రంగు పళ్లెం చాలా మేలు చేస్తాయి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించే సౌకర్యం) నేర్పాలంటే తెలుగు గొంతును విశాఖలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి. పైన సిగ్నల్ కోసం కూర్చుంటే రోజు పోతుంది. పొయ్యి దగ్గరికి కోడలు రానివ్వకపోతే ఆ కోడలికి కూడా పాఠం పెట్టాలి. చోడి (రాగి) అంబలి కాచడం దగ్గర మొదలుపెడితే ఇంట్లో నమ్మకం కుదురుతుంది.

తేదీలు వేసేముందు ఆ ఊరి క్యాలెండర్ చూడండి. గిరిజనుల ఇటుకల పండుగ రోజుల్లో, కాఫీ పళ్లు కోసే రోజుల్లో పాఠానికి ఎవరూ కూర్చోరు. సంత రోజున ఇంటి దగ్గర పాఠం పెట్టకండి, వాళ్లతో సంతకే వెళ్లండి. జనంలో నడవడం అక్కడే నేర్పాలి.

అభ్యాసం: ఈసారి మండలం వద్దు. ఒక గూడెం, ఒక మనిషి. వాళ్లింట్లో అనుమతి అడిగి ఒక పగలు, ఒక రాత్రి ఉండండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లారో, ఎక్కడికి వెళ్లాలని ఉన్నా ఆగిపోయారో రాయండి. వాళ్లు ముందుగా నేర్చుకోవాలనుకునేది ఏదో వాళ్ల నోటే చెప్పించండి. ఆ ఒక్క దారిని అడుగడుగునా చప్పుళ్లతో, వాసనలతో, కాలికి తగిలే గుర్తులతో రాయండి. తర్వాత ఆరు నెలల ప్రణాళిక ఒకే పేజీలో రావాలి. పేజీలో మొట్టమొదట మీరు తిరిగి వెళ్లే తేదీలు, మీరు వెళ్లలేని వారాల్లో ఎవరు వెళ్తారో వాళ్ల ఒప్పుకోలు ఉండాలి. అవి లేని పేజీని నేను చదవను. వానలు మొదలయ్యేలోపు పంపండి.