సమ్మర్ ఇండియా ట్రిప్‌కి పాయింట్లు ట్రాన్స్‌ఫర్ కొట్టే ముందు ఒక్కసారి ఇది చూడండి

అమెరికాలో స్కూలుకెళ్ళే పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు, మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా హైదరాబాద్ టికెట్ రేట్లు ఎలా ఉంటాయో. నలుగురికి కలిపి చూస్తే గుండె గుభేల్‌మంటుంది. అందుకే క్రెడిట్ కార్డు పాయింట్లని ఎయిర్‌లైన్ మైల్స్‌లోకి మార్చి, డబ్బులకి బదులు ఆ మైల్స్‌తో టికెట్లు తీసేవాళ్ళు బాగా పెరిగారు, మంచిదే, నేనూ అదే చేస్తాను. కాకపోతే చేజ్ బ్యాంకు కార్డు నుంచి గానీ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) నుంచి గానీ పాయింట్లు ఒకసారి ఎయిర్‌లైన్ అకౌంట్‌లో పడ్డాయంటే ఇక వెనక్కి రావు, బ్యాంకు వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా రావు. కాబట్టి ముందు సీటు, తర్వాతే ట్రాన్స్‌ఫర్.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. అమ్మానాన్నల్ని ఇక్కడికి తీసుకొద్దామని వెతుకుతుంటే ఒక ఎయిర్‌లైన్ సైట్‌లో వాళ్ళ పార్ట్‌నర్ (అంటే వాళ్ళతో ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్) ఫ్లైట్‌ది, బిజినెస్‌లో రెండు సీట్లు కనిపించాయి. రాత్రి పదకొండయింది, వాట్సాప్‌లో ఇద్దరి పాస్‌పోర్టు ఫోటోలు తెరిచి పెట్టుకుని, సీట్లు ఎక్కడ పోతాయోనని ఆత్రంగా 1,40,000 పాయింట్లు ట్రాన్స్‌ఫర్ కొట్టేశా, రెండు నిమిషాల్లో వచ్చేశాయి కూడా. పేర్లు కొట్టి, పుట్టిన తేదీలు కొట్టి, టాక్సులకి కార్డు నంబర్ ఇచ్చి కన్ఫర్మ్ నొక్కితే ఎర్రక్షరాలతో ఎర్రర్. మళ్ళీ నొక్కా, మళ్ళీ అదే. ఫోన్ చేస్తే గంట సేపు లైన్‌లో పెట్టి "ఆ సీట్లు మా సిస్టమ్‌లో లేవండీ" అన్నారు. ఆ మైల్స్ ఏడాది పైనే అక్కడ ఊరికే పడున్నాయి, చివరికి డబ్బులు పెట్టి ఎకానమీలో తీశాం, మోకాళ్ళ నొప్పులున్న నాన్న అంత దూరం ఇరుకు సీట్లో కూర్చుని వచ్చారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇలా సైట్‌లో కనిపించి అసలు లేని సీట్లు చాలా మామూలు, ముఖ్యంగా పార్ట్‌నర్ ఫ్లైట్లలో. అందుకని ఒకే ఫ్లైట్‌ని రెండు చోట్ల చూడండి. లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా లాంటి స్టార్ అలయన్స్ (ఒకరి మైల్స్‌తో ఇంకొకరి సీట్లు తీయనిచ్చే ఎయిర్‌లైన్స్ కూటమి) ఫ్లైట్ అయితే యునైటెడ్ సైట్‌లోనూ, ఎయిర్ కెనడా వాళ్ళ మైల్స్ ప్రోగ్రామ్ ఏరోప్లాన్‌లోనూ వెతకండి, ఒక దాంట్లోనే కనిపిస్తుంటే అనుమానించాల్సిందే. తర్వాత పేమెంట్ పేజీ దాకా వెళ్ళి చూడండి, మైల్స్ లేకుండా అంతదాకా వెళ్ళనివ్వకపోతే ఫోన్ చేసి ఫ్లైట్ నంబర్, తేదీ, క్లాస్ చెప్పి సీటు నిజంగా ఉందా అని అడగండి, కొన్ని ఎయిర్‌లైన్స్ కాసేపు హోల్డ్ కూడా చేస్తాయి, అడగడంలో తప్పు లేదు. ట్రాన్స్‌ఫర్‌కి పట్టే టైమ్ కూడా లెక్కలో పెట్టుకోండి. చేజ్ నుంచి యునైటెడ్‌కి మామూలుగా వెంటనే పడతాయి, అదే అమెక్స్ నుంచి జపాన్ వాళ్ళ ఏఎన్ఏకి రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోపు సీటు ఇంకెవరో ఎగరేసుకుపోతారు.

పేర్ల సంగతి మన వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. కార్డు అకౌంట్‌లో పేరు, ఎయిర్‌లైన్ అకౌంట్‌లో పేరు కలవకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది. మనకేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు మూడు ముక్కలుగా ఒకచోట, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది, అలాంటప్పుడు అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలీదని) అని వస్తుంది, బ్యాంకులో ఇంకోలా పడుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఎయిర్‌లైన్ అకౌంట్ నెల ముందే తెరిచి, బ్యాంకులో పేరు తేడాగా ఉంటే అప్పుడే సరిచేయించుకోండి, సీటు దొరికిన రాత్రి పెట్టుకునే పని కాదు ఇది. అమ్మానాన్నల టికెట్లు మీ మైల్స్‌తోనే తీయొచ్చు, చాలా చోట్ల వాళ్ళకి విడిగా అకౌంట్ అక్కర్లేదు. కానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ముందు వాళ్ళని నామినీలుగా చేర్చాలి, మొత్తం ఐదుగురికే వీలు. ఏఎన్ఏలో అయితే దగ్గరి చుట్టాలకి మాత్రమే.

ట్రాన్స్‌ఫర్ బోనస్ 30 శాతం, అంటే ఇప్పుడు మారిస్తే అన్ని మైల్స్ ఎక్కువ ఇస్తాం అని మెయిల్ రాగానే ఏ ట్రిప్పూ అనుకోకుండా పాయింట్లన్నీ పంపేయొద్దు. ఎయిర్‌లైన్స్ టికెట్‌కి ఇన్ని మైల్స్ అని ఎప్పుడు పెంచుతాయో ఎవరికీ తెలీదు, పైగా కొన్ని చోట్ల మైల్స్‌కి గడువు ఉంటుంది, సింగపూర్‌వి 3 ఏళ్ళకి పోతాయి, ఏరోప్లాన్‌లో 18 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి. కార్డులో ఉన్నన్నాళ్ళే పాయింట్లు మన చేతిలో ఉన్నట్టు. అలాగని కార్డులో దాచుకుంటే రేటు మారదనీ కాదు, అమెక్స్ నుంచి ఎమిరేట్స్‌కి ఇదివరకు 1000కి 1000 వచ్చేవి, 2025 సెప్టెంబర్ నుంచి 800 చేశారు.

మైల్స్ తక్కువే కదా అని మురిసిపోకుండా చేతి నుంచి కట్టేది కూడా చూడండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా వెళ్తే సర్‌ఛార్జీలు వందల డాలర్లు పడతాయి, అదీ ఒక్కొక్కరికి. యునైటెడ్, ఏరోప్లాన్ ఫ్యూయల్ సర్‌ఛార్జీ వేయవు. ఒళ్ళో పాప ఉంటే ఇంకా జాగ్రత్త, కొన్ని ఎయిర్‌లైన్స్ క్యాష్ టికెట్ ధరలో 10 శాతం అడుగుతాయి, బిజినెస్‌లో అయితే అదే బోలెడంత.

ఢిల్లీ దాకా అవార్డ్ టికెట్ (మైల్స్‌తో తీసేది), అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి ఇండిగో విడిగా తీద్దాం అనుకునేవాళ్ళు సామాను గురించి ఆలోచించండి, ఇండిగో డొమెస్టిక్‌లో మామూలుగా 15 కిలోలే, 23 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకుని అక్కడ ఎక్స్‌ట్రా కట్టాలి. మొదటి ఫ్లైట్ లేటైతే రెండోది పోయినట్టే, ఇండిగో వాళ్ళకి సంబంధం ఉండదు. పెద్దవాళ్ళని ఇలా విడి టికెట్లతో మాత్రం పంపకండి, మైల్స్ ఇంకాస్త ఎక్కువైనా దోహా, దుబాయ్, అబూదాబి మీదుగా హైదరాబాద్ దాకా ఒకే టికెట్ తీయండి. పాస్‌పోర్టులో హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపు గడువు అయిపోయి ఇండియాలో మళ్ళీ వేయించుకుందామని వెళ్ళేవాళ్ళు యూరప్, లండన్ ట్రాన్సిట్ వీసా రూల్స్ చూశాకే ఆ రూట్ పట్టుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో సగం రేటుకి మైల్స్‌తో టికెట్ ఇస్తామనే వాళ్ళ దగ్గర కొనొద్దు, మైల్స్ అమ్ముకోవడం ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు, ప్రయాణం ముందు రోజు టికెట్ క్యాన్సిల్ చేసినా అడిగే దిక్కుండదు.

సీట్లు ఎప్పుడు వదుల్తారంటే యునైటెడ్ 337 రోజుల ముందు, ఖతర్ 361 రోజుల ముందు, అంటే జూన్‌లో వెళ్ళాలంటే ముందు ఏడాది జూన్, జులైలోనే మొదలెట్టాలి.

బుక్ అయ్యాక పీఎన్ఆర్ వచ్చింది కదా అని వదిలేయకండి. 13 అంకెల టికెట్ నంబర్ వచ్చిందో లేదో చూడండి, ఫ్లైట్ నడిపే ఎయిర్‌లైన్ సైట్‌లో వాళ్ళ పీఎన్ఆర్‌తో తెరిచి వీల్‌చెయిర్, వెజ్ మీల్ అక్కడే పెట్టండి, టైమింగ్స్ మారాయేమో నెలకోసారి చూస్తుండండి. మా నాన్నకైతే టికెట్‌తో పాటు దోహాలో దిగాక ఎవర్ని అడగాలో, ఏ గేట్ దగ్గర కూర్చోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోటో పంపుతాను, ఆయన దాన్ని ప్రింట్ తీయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకుంటారు.