స్పానిష్ మాట తెలుసు, నోటికే రావట్లేదు: మొదలుపెట్టినవారి సమస్యలు, పరిష్కారాలు

షిప్పు ఉద్యోగం కోసమో, స్పెయిన్‌లో చదువు కోసమో, ఆఫీసులో లాటిన్ అమెరికా క్లయింట్ల కోసమో విశాఖలో స్పానిష్ మొదలుపెట్టేవారికి తొలి నెలల్లో ఎదురయ్యే చిక్కులివి. వీటిలో సగానికి మూలం ఒక్కటే. చేతికి దొరికే పుస్తకాలు, యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా నేర్పుతాయి. కానీ కొన్నిచోట్ల స్పానిష్ వాక్యం ఇంగ్లీషు కంటే తెలుగుకే దగ్గర.

ఇక్కడ రాసిన స్పానిష్ మాటల్లో దీర్ఘం ఉన్నచోట ఊనిక ఉందని గుర్తు. ఆ అక్షరాన్ని సాగదీయకుండా నొక్కి పలకాలి.

"నాకు కాఫీ ఇష్టం" అనబోతే "యొ గూస్తొ కఫే" అని వస్తోంది

ఇది ఇంగ్లీషు తెచ్చిపెట్టిన తప్పు. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త. స్పానిష్‌లో, తెలుగులో ఇష్టమైన వస్తువు కర్త, మనిషికి "కి" తగులుతుంది. "నాకు కాఫీ ఇష్టం" అంటే "మె గూస్త ఎల్ కఫే". మె అంటే నాకు, తె నీకు, లె ఆయనకి లేదా ఆమెకి, నొస్ మనకి, లెస్ వాళ్ళకి. ఇష్టమైనవి ఒకటి కంటే ఎక్కువైతే గూస్త కాస్తా గూస్తన్ అవుతుంది: "మె గూస్తన్ లొస్ మాంగొస్". తలనొప్పికీ ఇదే దారి: "మె ద్వేలె ల కబేస".

అలాగని "నాకు" కనిపించిన ప్రతిచోటా మె పెట్టకూడదు. ఆకలి, దాహం, చలి, నిద్ర, భయం, వయసు వేరే గుంపు. వీటికి "తేంగొ", అంటే నా దగ్గర ఉంది అని చెప్పాలి: తేంగొ ఆంబ్రె, తేంగొ సేద్, తేంగొ ఫ్రీయొ, తేంగొ స్వేన్యొ, తేంగొ మ్యేదొ. ఇరవై ఏళ్ళంటే "తేంగొ బేయింతె ఆన్యొస్". ఇందులో "న్య"ని "న"గా పలికితే మాట బూతవుతుంది, జాగ్రత్త. నోటుబుక్కులో ఒక పేజీ మె గుంపుకి, ఎదురు పేజీ తేంగొ గుంపుకి కేటాయించి, ఒక్కో గుంపులో పది వాక్యాలు రాసుకుంటే రెండు వారాల్లో తడబాటు చాలావరకు తగ్గుతుంది.

సేర్ వాడాలో ఎస్తార్ వాడాలో తేలట్లేదు

ఇంగ్లీషు "be"కి స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి. వాక్యంలో ఇవి ఎస్, ఎస్తా అని మారతాయి. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఈ సూత్రం తొందరగానే దెబ్బతింటుంది. కైలాసగిరి ఎక్కడికీ కదలదు, అయినా "కైలాసగిరి ఎస్తా ఎన్ విశాఖపట్నం" అనాలి.

తెలుగు వాక్యాన్ని చూసుకోండి. "ఆమె టీచర్", "ఇది మా ఇల్లు" వంటి వాక్యాల్లో మనకి క్రియే ఉండదు. అక్కడ సేర్: "ఎస్ ప్రొఫెసోర", "ఎస్ న్వేస్త్ర కాస". ఫలానా చోట "ఉంది" అంటే ఎస్తార్. ఆర్కే బీచ్‌లో నిలబడి "ఇక్కడ సముద్రం ప్రమాదకరంగా ఉంటుంది" అంటే దాని స్వభావం చెప్పినట్టు, కాబట్టి "ఎల్ మార్ అకీ ఎస్ పెలిగ్రోసొ". "ఇవాళ ప్రశాంతంగా ఉంది" అంటే ఇప్పటి స్థితి, కాబట్టి "ఒయ్ ఎల్ మార్ ఎస్తా త్రంకీలొ". మనకి పుట్టుకతో తెలిసిన "ఉంది", "ఉంటుంది" తేడాయే చాలావరకు ఇక్కడ పనికొస్తుంది. "పెళ్ళి ఎక్కడ?" అన్న ప్రశ్నలో మనం క్రియ వాడం. స్పానిష్‌లోనూ వేడుక జరిగే చోటు అడగాలంటే సేరే: "దోందె ఎస్ ల బోద?"

ఈ పద్ధతి మూడు చోట్ల పనిచేయదు. "వీధిలో కుక్క ఉంది" అని కొత్తగా ఒకదాని ఉనికి చెబితే "ఆయ్ ఉన్ పేర్రొ". "నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు" అంటే "తేంగొ దోస్ ఎర్మానొస్". "ఎండగా ఉంది, ఉక్కగా ఉంది" వంటి వాతావరణం మాటలకి "ఆసె": "ఆసె కలోర్". విశాఖ మే నెలలో దీనికి రోజూ పని పడుతుంది.

చదివితే అర్థమవుతోంది, మాట్లాడబోతే మాట దొరకట్లేదు

చూసి గుర్తుపట్టడం వేరు, మనసులోంచి తీసి పలకడం వేరు. జాబితా పదిసార్లు చదివితే మొదటిదే పెరుగుతుంది. కార్డుకి ముందువైపు తెలుగు, వెనకవైపు స్పానిష్ రాయండి. వెనక్కి తిప్పే ముందు పైకి పలకండి. రోజుకి ఎనిమిది కొత్త కార్డులు చాలు. ఒక్కో కార్డుని మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకి, నెలకి మళ్ళీ చూడాలి. మరిచిపోతే మొదటికి పంపండి. ఆంకీ అనే యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది. రోజుకి ముప్ఫై మాటలు ఎక్కించేవారు చాలామంది కొన్నాళ్ళకే పాతవి చూసుకోలేక ఆపేస్తారు.

కార్డు మీద ఒంటరి మాట రాయొద్దు, చిన్న వాక్యం రాయండి. "ఖరీదు: కారొ" కంటే "అబ్బ, ఎంత ఖరీదో: కె కారొ!" నోట నిలుస్తుంది. ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్ళినప్పుడు ఆ రోజు కొన్న ఐదు కూరగాయలకి కార్డులు రాసుకోండి. ఫిషింగ్ హార్బర్‌లో బుట్టల్లో ఉన్న చేప "పెస్కాదొ", నీళ్ళలో ఈదేది "పెస్". రెంటికీ రెండు కార్డులు.

నామవాచకాన్ని దాని ముందు వచ్చే ఎల్ (పుంలింగం), ల (స్త్రీలింగం) లేకుండా ఎప్పుడూ రాయకండి. తెలుగులో బల్లకీ కుర్చీకీ స్త్రీ పురుష భేదం లేదు కాబట్టి తర్వాత ఊహించి పట్టుకోలేం. చివర "అ" వస్తే సాధారణంగా ల, "ఒ" వస్తే ఎల్. కానీ ఎల్ ప్రొబ్లేమ (సమస్య), ఎల్ దీయ (రోజు), ఎల్ మాప (మ్యాపు), ల మానొ (చెయ్యి) కంఠస్థం చేయాల్సిందే.

నేనన్నది అవతలివారికి అర్థం కావట్లేదు

ఇంగ్లీషు అలవాటుతో ట, డ పలుకుతున్నారేమో చూడండి. స్పానిష్‌లో మన త, ద: "టొమాటె" కాదు, "తొమాతె". వి అక్షరానికి బ పలకాలి, హెచ్ పలకకూడదు. కారొ అంటే ఖరీదైనది, కార్రొ అంటే లాటిన్ అమెరికాలో కారు. రెండోదానిలో "ర్ర"ని "వెర్రి"లో కంటే ఇంకాస్త అదిరేలా పలకాలి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఊనిక, ఎందుకంటే మనం అక్షరాలన్నిటినీ దాదాపు సమానంగా పలుకుతాం. పాప అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, పపా అంటే నాన్న. ఆబ్లొ అంటే మాట్లాడతాను, అబ్లో అంటే ఆయన మాట్లాడాడు. అచ్చుతో గానీ ఎన్, ఎస్ అక్షరాలతో గానీ ముగిసే మాటకి చివరినుంచి రెండో సిలబుల్ మీద ఊనిక, మిగతావాటికి చివరి సిలబుల్ మీద. ఈ నియమం తప్పే మాటకి స్పెల్లింగ్‌లోనే అచ్చు మీద చిన్న గీత ఉంటుంది. ఆ గీత వదిలేసి రాసుకోకండి.

అంకెలు కలగలిసిపోతున్నాయి

అరవై సెసేంత, డెబ్భై సెతేంత. మద్దిలపాలెం జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎదుటి బండి నంబర్‌ని రెండేసి అంకెలుగా చదవండి. 6073 అయితే "సెసేంత, సెతేంత ఇ త్రేస్". 500, 700, 900 మామూలు దారిలో రావు: కిన్యేంతొస్, సెతెస్యేంతొస్, నొబెస్యేంతొస్.

మర్యాదగా మాట్లాడబోయి తడబడుతున్నాం

మన "మీరు" ఒక పెద్దాయనకీ, పదిమందికీ పనికొస్తుంది. స్పానిష్‌లో ఒక్కరికి "మీరు" అంటే ఉస్తేద్, పలువురికి ఉస్తేదెస్. అందుకే "మీరు మాట్లాడతారు" అనబోయి ఒక్కరితోనే "ఉస్తేద్ ఆబ్లన్" అనేస్తుంటాం. ఒక్కరైతే "ఉస్తేద్ ఆబ్ల", పలువురైతే "ఉస్తేదెస్ ఆబ్లన్". స్పెయిన్‌లో దుకాణంవాళ్ళు కూడా "తూ" (నువ్వు) అంటే నొచ్చుకోకండి, అక్కడ అది మామూలే.

వాళ్ళు మాట్లాడితే ఒక్క ముక్కా విడిగా వినబడట్లేదు

"మీరు ఎవరు"ని మనం మీరెవరు అన్నట్టే వాళ్ళూ మాటలు కలిపేస్తారు. "కె ఎస్ ఏస్తొ" కాస్తా "కెసేస్తొ" అవుతుంది, "లొస్ అమీగొస్" "లొసమీగొస్" అవుతుంది. ఇరవై సెకన్ల ఆడియో తీసుకుని 0.75 వేగంతో పెట్టి, విన్నది రాయండి. రాతప్రతితో సరిచూసి, అసలు వేగంతో మూడుసార్లు వినండి.

ఆ తర్వాత మనిషితో మాట్లాడాలి. పొద్దున్నే లేచేవారైతే కొలంబియావాళ్ళని ఎంచుకోండి. మనం వాళ్ళకంటే పదిన్నర గంటలు ముందుంటాం, ఇక్కడ ఉదయం 6:30 అంటే బొగోతాలో ముందురోజు రాత్రి 8. అక్కడ రాత్రి కాబట్టి "బ్వేనస్ నోచెస్" అని పలకరించండి, అది వీడ్కోలుకే కాదు, పలకరింపుకీ వాడతారు. స్పెయిన్‌కి తేడా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర. మన రాత్రి 9 గంటలకి వాళ్ళకి సాయంత్రం, "బ్వేనస్ తార్దెస్". మొదటి కాల్‌కి ముందు మూడు వాక్యాలు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి: "నొ ఎంత్యేందొ" అంటే అర్థం కాలేదు, "మాస్ దెస్పాస్యొ, పొర్ ఫబోర్" అంటే కాస్త నెమ్మదిగా, "కోమొ సె దీసె" అంటే దీన్నేమంటారు.