లాంగ్‌సోర్డ్ పాఠం 6: డుర్ఖ్‌వెక్సెల్న్, ఇంకోసారి

రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి లాంగ్‌సోర్డ్. ఎదుటివాడి కత్తి కిందనుంచి మన మొనను అవతలివైపుకు తిప్పడమే డుర్ఖ్‌వెక్సెల్న్. పోయిన పాఠంలో దీన్ని సాధన చేసినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: మొన కిందుగా తిప్పేలోపే ఎదుటివాడి వేటు మాస్కు మీద పడుతోందని. పడదా మరి, వచ్చిన ప్రతి వేటుకీ తిప్పితే! పట్టు, అడుగు మీకు వచ్చు, వాటి జోలికి పోను.

జర్మన్ కత్తిసాము గురువు లీఖ్టెనావర్ పద్యాలకు 15వ శతాబ్దంలో వ్యాఖ్యానం రాసినవాళ్లు ఈ విద్య ఎవరి మీద వాడాలో తేల్చి చెప్పారు: మన ఒంటిని వదిలేసి మన కత్తిని కొట్టేవాడి మీద. మీరు పైనుంచి వేటు వేస్తారు. అతను మీ కత్తిని పక్కకు కొట్టబోతాడు. రెండు కత్తులూ తాకకముందే మీ మొన అతని కత్తి కిందనుంచి జారి అవతలివైపు తేలాలి. అక్కణ్నుంచి ఛాతీకి పొడుపు. అతను తేరుకుని మళ్లీ అడ్డం వస్తే, మళ్లీ కిందనుంచే ఇవతలికి.

అతను మీ తలకే గురిపెడితే? మీ మొన కిందికి దిగిన ఆ క్షణాన అతని అంచుకీ మీకూ మధ్య ఏమీ ఉండదు. అందుకే అతని మొన ఎటు పోతోందో చూడండి. మీ ఒంటిని దాటి పక్కకు పోయేలా ఉంటే తిప్పండి. మీ మీదికే వస్తుంటే తిప్పొద్దు, కత్తికి కత్తి ఆనించండి, అంటే బైండ్‌లోకి వెళ్లండి. వేటు జోరు చూసి నిర్ణయించకండి. కత్తిని గట్టిగా బాదేవాడే మనకు కావాల్సినవాడు. తలకేసి మెల్లగా వచ్చే వేటే కొంప ముంచుతుంది. "తిప్పుతూనే తల పక్కకు తప్పించుకుంటా" అనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, మంచి మాస్కు కొనుక్కోండి.

మొనతో బిందె మూతంత సున్నా చుట్టడం కూడా మానండి. చేతులు ముందుకే ఉండాలి, అతని కత్తిని తప్పించేంత దిగితే చాలు.

నాకైతే వేటుతో మొదలుపెట్టడం కన్నా లాంగ్‌ఓర్ట్ అనే నిలబడే భంగిమ ఇష్టం. ఎడమకాలు ముందు పెట్టి, మొన అతని ముఖానికి చాచి ఉంచితే దాన్ని కొట్టెయ్యాలని అతనికే చేతులు దురదపెడతాయి. 1570లో కత్తిసాము గురువు యోహాకిం మాయెర్ తన పుస్తకం రాసేనాటికి జర్మన్ల లాంగ్‌సోర్డ్ ఆటలో పొడుపు పోయింది కాబట్టి ఆయన దగ్గర తిప్పాక వేటే ఉంటుంది. మనం పొడుస్తాం, అందుకే ఫెడర్ (వంగే, పదును లేని సాధన కత్తి), గొంతు కవచం తప్పనిసరి.

సాధన: జోడీ ముందుగా చెప్పకుండా ఒకసారి కత్తికి, ఒకసారి తలకి కొట్టాలి. కత్తికి వస్తేనే తిప్పాలి. వరసగా 20 సరిగ్గా రావాలి. ఒక్కటి తప్పినా మళ్లీ ఒకటి నుంచి. అది కుదిరాకే ట్సుకెన్ (ఆనిన కత్తిని వెనక్కి లాగి అవతలివైపు కొట్టడం) పాఠం తెరవండి.