రిపోర్టులో ‘పాస్’ ఉంటే చాలదు, పాదరసం పేరు ఉందో లేదో చూడండి: లగ్గాల కాలానికి ముందు జాగ్రత్తలు

మాఘం దగ్గర పడుతున్న కొద్దీ చంద్రపూర్, రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్ళలో లగ్గాల పనులు మొదలవుతాయి. వాటితో పాటే, రెండు మూడు నెలల ముందు నుంచి పెళ్ళికూతురి చేతికి ముఖం తెల్లబరిచే క్రీము ఒకటి వచ్చి చేరుతుంది. అది అంగడిలో కొన్నది కావచ్చు, పార్లరులో ఇచ్చినది కావచ్చు, ఫోనులో తెప్పించినది కావచ్చు. గడువు తేదీ చూసుకోవాలని, ముందు చేతి మీద కొంచెం రాసి చూడాలని అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. పరీక్షశాలలో లోహాల విభాగంలో పనిచేసే మనిషిగా నేను చెప్పవలసిన మాట వేరే ఉంది.

గత నెల రాజురా తాలూకా నుంచి ఒక తండ్రి మా దగ్గరికి వచ్చాడు. కూతురికి పాదాలు వాచాయి, మూత్రంలో నురగ కనిపించింది, ప్రోటీన్ ఎక్కువగా పోతున్నదని పరీక్షలో తేలింది. ఆమె వాడుతున్న క్రీమును పరీక్ష చేయించమని నాగపూర్ వైద్యుడు రాసి పంపాడు. ఆ తండ్రి క్రీముతో పాటు ఒక కాగితం కూడా తెచ్చాడు. క్రీము అమ్మినవారు ఇచ్చిన ఆ ల్యాబ్ రిపోర్టు అడుగున ‘పాస్’ అని ఉంది. దాన్ని చూసే ఆ ఇంటివారు మొదట అనుమానపడినా వాడకం ఆపలేదు, వాపు మొదలైన తర్వాత కూడా కొన్ని వారాలు కొనసాగించారు. రిపోర్టులో పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణం ఎంతో ఉంది, వేడికి క్రీము విరగకుండా నిలుస్తుందా అన్న పరీక్ష ఉంది, కొవ్వు పదార్థాల శాతం ఉంది, సూక్ష్మజీవుల లెక్క ఉంది. పాదరసం అన్న మాట ఎక్కడా లేదు. మేము పరీక్షించినప్పుడు అనుమతించిన మేరకు వేల రెట్లు పాదరసం బయటపడింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. అకోలాలో ఒక తల్లి, ఇద్దరు కూతుళ్ళు స్థానిక బ్యూటీషియన్ దగ్గర కొన్న క్రీము వాడి మూత్రపిండాల జబ్బు పాలయ్యారని, ముంబయి కేఈఎం ఆసుపత్రి పరీక్షలలో ఆ క్రీములో పాదరసం తేలిందని 2023 మొదట్లో పత్రికలు రాశాయి. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021, 2023 మధ్య చూసిన 22 మంది మెంబ్రనస్ నెఫ్రోపతీ (మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు) రోగులలో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం కనిపించగా, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా అడ్డుకుంటుంది గనుక కొద్ది వారాల్లోనే ముఖం తేటపడుతుంది, మనుషులు నమ్మేది కూడా అందుకే. అదే పాదరసం చర్మం గుండా, ఆవిరి రూపంలో శ్వాస గుండా లోపలికి పోయి మూత్రపిండాలలో చేరుతుంది. క్రీము రాసుకోని పసిపిల్లలకు కూడా తల్లి చెంప నుంచి, దిండు గలీబు నుంచి, తువ్వాలు నుంచి అది అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పరీక్షశాల తనను అడిగినదానికే జవాబు చెబుతుంది, అడగనిదాని గురించి ఏమీ చెప్పదు. పీహెచ్ అడిగినవారికి పీహెచ్ చెబుతుంది. దాని మీద వచ్చిన ‘పాస్’ ఆ ఒక్క పీహెచ్‌కే వర్తిస్తుంది. బియ్యంలో రాళ్ళున్నాయా అని అడగవలసిన చోట తూకం సరిపోయిందన్న మాట విని ఇంటికి వెళ్ళినట్టు, చాలామంది ఆ ‘పాస్’ను క్రీము మొత్తానికి వర్తింపజేసుకుంటారు. నేను చూసినంతలో మనుషులను ముంచిన పొరపాటు ఇదొక్కటే. క్రీము కొనేముందు, అమ్మేముందు, ఆపాలా వద్దా అని తేల్చుకునేముందు రిపోర్టులో ‘పాదరసం’ లేదా ‘మెర్క్యురీ’ అన్న వరుస ఉందా, దాని ఎదురుగా అంకె ఉందా అని చూడండి. లేకపోతే ఆ రిపోర్టు మీ ప్రశ్నకు జవాబు కాదు.

‘భారలోహాలు, సీసంగా లెక్కించినవి’ అని ఒక వరుస కనిపించినా మోసపోవద్దు. నమూనాను అధిక ఉష్ణోగ్రతలో బూడిద చేసి, రంగు పోల్చి చూసే పాత పద్ధతి అది. ఆ వేడికి పాదరసం ఆవిరై ముందే పోతుంది, మిగిలిన బూడిదలో దాన్ని వెతికితే దొరకదు. ఇలాంటి లోపాల వల్లనే అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం ఆ పద్ధతిని 2018లో తొలగించింది. పాదరసానికి నమూనాను మూత బిగించిన పాత్రలో ఆమ్లంతో కరిగించి, పాదరసాన్ని ఆవిరిగా మార్చి కొలిచే కోల్డ్ వేపర్ పద్ధతిలో గానీ, లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద గానీ కొలవాలి. లేదా నేరుగా పాదరసాన్ని కొలిచే యంత్రం వాడాలి. ల్యాబ్‌కు ఫోన్ చేసినప్పుడు ఏ పద్ధతిలో చేస్తారని అడగడానికి మొహమాటపడకండి. చెప్పగలిగినవారికే నమూనా ఇవ్వండి.

అంకెను చదవడంలో కూడా జాగ్రత్త కావాలి. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం, కంటికి వాడేవి మినహా మిగతా సౌందర్య సాధనాలలో అనుకోకుండా చేరిన పాదరసం 1 పీపీఎం, అంటే కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదు. కావాలని కలపడానికి అసలు అనుమతే లేదు. రిపోర్టులో ‘బీడీఎల్’ అని, అంటే యంత్రం పట్టుకోగలిగిన మేరకంటే తక్కువని రాసి ఉంటే, ఆ మేర ఎంతో పక్కన ఉండాలి. అది 5 పీపీఎం అయితే, మీ క్రీములో 4 పీపీఎం ఉన్నా ‘బీడీఎల్’ అనే వస్తుంది. ఎక్స్‌రే తుపాకీ లాంటి చేతి యంత్రంతో నిమిషాల్లో చూసే పరీక్ష వేల పీపీఎంలు ఉన్న క్రీమును పట్టుకోవడానికి బాగా పనికివస్తుంది. నియమానికి లోబడి ఉందని నిరూపించడానికి పనికిరాదు.

నమూనా ఎవరు ఇచ్చారన్నది మరో ముఖ్యమైన సంగతి. ‘ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి’ అని దాదాపు ప్రతి రిపోర్టు అడుగునా ఉంటుంది. అమ్మేవారే ఎంపిక చేసి పంపిన నమూనా మంచిదని తేలితే, మీ చేతిలో ఉన్న డబ్బా గురించి ఏమీ తేలినట్టు కాదు. బ్యాచ్ నంబరు కలిసిందా అని చూడండి. మీరే స్వయంగా పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 మీకు ఇచ్చింది: కొన్న వస్తువును రుసుము చెల్లించి ప్రభుత్వ అనలిస్టుకు పంపి, సంతకంతో కూడిన రిపోర్టు పొందవచ్చు. మహారాష్ట్ర ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ పరిపాలన శాఖ)కు ముంబయి, నాగపూర్, ఛత్రపతి సంభాజీనగర్‌లలో ప్రయోగశాలలు ఉన్నాయి. ప్రైవేటు ల్యాబ్ అయితే ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే చాలదు, ఆ గుర్తింపు పత్రంలో ‘కాస్మెటిక్స్‌లో పాదరసం’ అన్న పరీక్ష కూడా ఉండాలి.

ఇక మిగిలినవి ఒకదాని వెంట ఒకటి చెబుతాను.

క్రీమును వేరే డబ్బాలోకి మార్చవద్దు. బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, చిరునామా ఉన్న అట్టపెట్టెను పారేయవద్దు.

వాపు కనిపించగానే భయపడి డబ్బాను కాలువలో పడేయవద్దు. అది పోతే వైద్యుడి దగ్గర ఆధారం పోతుంది, అదే క్రీము వాడుతున్న పక్కింటి అమ్మాయికి హెచ్చరిక కూడా అందదు. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి.

పరీక్షకు వీలైతే అదే బ్యాచ్‌లోని తెరవని డబ్బా ఒకటి, వాడుతున్నది ఒకటి ఇవ్వండి. సూక్ష్మజీవుల పరీక్షకు తెరిచిన డబ్బా పనికిరాదు.

రిపోర్టు వచ్చేదాకా వాడకం ఆపండి.

పెట్టె మీద ‘బంగారు, వెండి నగలకు తగలనీయవద్దు’ అని ఉంటే కొనవద్దు. కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ అన్న పేర్లు కూడా పాదరసానివే.

విదేశీ క్రీము మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే పక్కన పెట్టండి.

పాదరసం లేదని తేలిన క్రీములో స్టెరాయిడ్ ఉండవచ్చు. లోహాల పరీక్షలో అది కనిపించదు. దానికి పదార్థాలను విడదీసి గుర్తించే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష వేరుగా అడగాలి. ఇక్కడ కూడా అదే మాట: అడగనిదానికి జవాబు రాదు.

పసిపిల్లల కళ్ళకు అంగడిలో దొరికే సుర్మా పెట్టవద్దు. సీసపు ఖనిజాన్ని నూరి చేసిన సుర్మాలలో సగానికి మించి సీసమే ఉంటుంది.

శివరాత్రికి గోదావరి దాటి కాళేశ్వరం వెళ్ళినప్పుడు విడిగా అమ్మే ఎర్ర సింధూరం కొంటే, అది నోటికి, పిల్లల చేతికి అందకుండా చూడండి. సింధూరానికి అడగవలసిన పరీక్ష సీసం, పాదరసం రెండూ.

పెళ్ళికూతురి చేతికి గంటలో నల్లగా పండే మెహందీ పెట్టించవద్దు. అందులో ఉండేది జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం.

బచత్ గట్ తరఫున క్రీములు తెచ్చి అమ్మే అక్కలు, పార్లరు నడిపే చెల్లెళ్ళు, పైనుంచి వచ్చిన రిపోర్టు జిరాక్సును గోడకు అంటించి ఊరుకోవద్దు. ప్రతి కొత్త బ్యాచ్‌కు పాదరసం రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే సరుకు వెనక్కి పంపండి.

ఇప్పటికే వాడినవారు వాపు కోసం ఎదురుచూడవద్దు. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేయించుకోవచ్చు. వైద్యుడికి క్రీము పేరు దాచవద్దు. క్రీము ఆపి, చికిత్స తీసుకుంటే చాలామందిలో ఈ జబ్బు తగ్గుముఖం పడుతుంది. పాదరసాన్ని బయటికి పంపే మందులు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా మింగవద్దు. ఇంట్లో ఆ క్రీము వాడిన ప్రతి ఒక్కరికీ, వారి ఒళ్ళో పెరిగే పిల్లలకూ అదే వారంలో పరీక్ష చేయించండి.