ఎండలు ముదరకముందే నూనె డబ్బా అడుగు చూసుకోండి

పోయిన వారం మా బంధువులు 15 లీటర్ల నూనె మొత్తం పారబోశారు. కొని నెల కూడా కాలేదు, గడువు తేదీ ఇంకా చాలా దూరంలో ఉంది. సీలు విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను, వాసన శుభ్రంగా ఉంది. ఏం చేశారని అడిగితే తెలిసింది: పాత డబ్బాలో రెండు గ్లాసుల నూనె మిగిలి ఉందట, పారేయడం ఎందుకని దాని మీదే కొత్తది పోశారట. ఆ రెండు గ్లాసులే మిగతాదంతా పాడుచేశాయి. ఇలా నష్టపోయినవాళ్లను నేను చూడటం ఇది మొదటిసారి కాదు. అందుకే చెబుతున్నాను, పాత నూనె మీద కొత్త నూనె పోయకండి.

అసలు జరిగేది ఏమిటి

కొత్తది కలిస్తే పాతది పలచనైపోతుందని అందరూ అనుకుంటారు. అలా జరగదు. పాలకు తోడు వేసినట్టు అనుకోండి, అది దగ్గరగా ఉంటుంది. అయితే ఇక్కడ సూక్ష్మజీవుల పని ఏమీ లేదు, అంతా గాలిలోని ఆక్సిజన్ పనే. వేడికో వెలుతురుకో నూనెలో ఒక కొవ్వు అణువు హైడ్రోజన్ పోగొట్టుకుని ఫ్రీ రాడికల్, అంటే దేనితోనైనా కలవడానికి తహతహలాడే అణువు, అవుతుంది. అది ఆక్సిజన్‌ను పట్టుకుని, పక్క అణువు నుంచి హైడ్రోజన్ లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. హైడ్రోజన్ పోయిన ఆ పక్క అణువు మళ్లీ అదే పని చేస్తుంది. గొలుసు అలా సాగుతూనే ఉంటుంది.

హైడ్రోపెరాక్సైడ్లకు వాసన లేదు, రుచి లేదు. అవి విరిగి హెక్సనాల్ లాంటి ఆల్డిహైడ్లు పుట్టాకే మనకు ముక్కిన వాసన తెలుస్తుంది. అంటే వాసన రాలేదు కదా అని మీరు ధైర్యంగా ఉన్న రోజుల్లోనే లోపల పెరాక్సైడ్లు పోగవుతుంటాయి. తాజా నూనెలో సహజంగా ఉండే విటమిన్ ఇ ఆ గొలుసును తెంపుతూ తాను ఖర్చయిపోతుంది. అది ఉన్నంతకాలం నూనె నిలకడగా ఉంటుంది, అయిపోగానే పాడవడం ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. పాత నూనె తనతో తయారుగా ఉన్న పెరాక్సైడ్లను మోసుకొస్తుంది. కొత్త నూనెలోని విటమిన్ ఇ మొదటి రోజు నుంచే వాటితో తలపడి ముందే తరిగిపోతుంది. మీరు నెలల రక్షణకు డబ్బు పెట్టి, దాన్ని వారాల్లో కరిగించేస్తున్నారు.

ఏ నూనెకు ఎక్కువ భయం

నూనెల్లోని కొవ్వు ఆమ్లాలన్నీ ఒకేలా పాడవవు. ఒలీయిక్ ఆమ్లం కంటే లినోలీయిక్ ఆమ్లం పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, లినోలెనిక్ దానికి సుమారు రెట్టింపు. అందుకే లినోలెనిక్ ఎక్కువున్న అవిసె నూనె, అలాంటి కొవ్వులే ఉన్న చేప నూనె ముందు పోతాయి. లినోలీయిక్ ఎక్కువున్న మామూలు పొద్దుతిరుగుడు నూనె వాటి తర్వాత. కొబ్బరి నూనె లాంటి సంతృప్త కొవ్వులు నిదానం. అవిసె నూనె కొంటే చిన్న సీసాయే కొనండి, ఫ్రిజ్‌లోనే ఉంచండి. చల్లదనానికి నూనె మబ్బుగా మారడం, పేరుకోవడం పాడైనట్టు కాదు.

వేడి, వెలుతురు, లోహం

వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. పొయ్యి పక్క అల్మరాలో నూనె పెట్టకండి. వెలుతురు ఇంకా చెడ్డది. శుద్ధి చేయని నూనెలో పత్రహరితం ఉంటే అది వెలుతురును పట్టి మామూలు ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అనే మరింత చురుకైన రూపంగా మారుస్తుంది. అది లినోలీయిక్ ఆమ్లంతో మామూలు ఆక్సిజన్ కంటే వెయ్యి రెట్లకు మించిన వేగంతో కలుస్తుంది. పారదర్శక సీసాలో నూనె కిటికీ దగ్గర అందంగా కనిపిస్తుంది, అక్కడే పాడవుతుంది. రాగి, ఇనుము లేశమాత్రం ఉన్నా పెరాక్సైడ్లను విరిచి కొత్త రాడికల్స్ పుట్టిస్తాయి.

ఇక వరసగా చెప్పేస్తాను, ఒక్కటీ వదలకండి.

- రాగి, ఇత్తడి, తుప్పు పట్టిన డబ్బాల్లో నూనె నిల్వ చేయకండి. స్టీలు లేదా ముదురు రంగు గాజు వాడండి.
- పెద్ద క్యాన్ విప్పగానే చిన్న సీసాల్లోకి అంచుదాకా నింపి మూత పెట్టండి. సగం ఖాళీ డబ్బా అంటే సగం డబ్బా గాలి.
- సీసా కడిగేటప్పుడు మూత మర, గరాటు, అంచున గట్టిపడిన జిగురు మరిచిపోకండి. అదీ పాత నూనే.
- కడిగాక పూర్తిగా ఆరాలి. తడి ఉండకూడదు.
- విప్పిన తేదీ డబ్బా మీద రాయండి.
- వేయించిన నూనెను తాజా డబ్బాలోకి తిరిగి పోయకండి. ఎప్పుడూ వద్దు.
- ముక్కిన నూనెలో విటమిన్ ఇ మాత్రలు చిదిమి కలపకండి. పాడైనది వెనక్కి రాదు.
- మళ్లీ మరిగిస్తే వాసన పోతుందని ఎవరైనా చెబితే వినకండి.
- అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి. ఆక్సీకరణలో పుట్టిన వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి మూతున్న ఇనప డబ్బాలో పెట్టండి.
- డబ్బా అడుగున మిగిలింది ముందు వాడేయండి. వాసన అనుమానంగా ఉంటే పారేయండి. రెండు గ్లాసులే కదా అని దాని మీద కొత్తది పోయకండి.