కారులో రోడ్డు హోరు తగ్గించుకుందాం – 3వ పాఠం: డిక్కీ, వెనక వీల్ ఆర్చ్‌లు

మొదటి పాఠంలో శబ్దాన్ని విని విడదీయడం నేర్చుకున్నాం. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగి మోగుతున్నాయా, బేరింగ్ పోయిందా, తలుపు రబ్బరు సందులోంచి గాలి దూరుతోందా అన్నది తేలకుండా షీట్లు కొనవద్దని చెప్పాను. రెండో పాఠంలో సరుకు చూశాం. రేకు అదురును ఆపేది బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీటు, గాలిలో వచ్చే మోతను పీల్చుకునేది ఫోమ్ లేదా ఫైబరు, దాన్ని దాటనీయకుండా ఆపేది బరువైన వినైల్ మ్యాట్. ఈ మూడు పనులూ వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే డబ్బు పోతుంది, హోరు మాత్రం అలాగే ఉంటుంది. ఇక పనిలోకి దిగుదాం.

చాలామంది తలుపులతో మొదలుపెడతారు. నేను డిక్కీతో మొదలుపెట్టమంటాను. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ ఉండదు, వెనక సీటు వీపు ఒక్కటే అడ్డం. వెనక చక్రాలు రెండూ అక్కడే తిరుగుతుంటాయి. ఆ రేకు దాటి వచ్చిన హోరు నేరుగా మన చెవుల దాకా వస్తుంది. పైగా డిక్కీలో అద్దం లేదు, మోటారు లేదు, తాళం కడ్డీలు లేవు. మొదటిసారి చేసేవాళ్ళ చెయ్యి తిరగడానికి ఇంతకంటే మంచి చోటు కారులో దొరకదు. సెడాన్ ఉన్నవాళ్ళకు లాభం కొంచెం తక్కువే, అయినా మొదలు ఇక్కడినుంచే పెట్టండి.

పని ముట్టుకునే ముందు కొలత తీసుకోండి. ఇందుకు తిరుమల ఘాట్ రోడ్డు పనికిరాదు. అక్కడ తక్కువ గేరులో ఎక్కుతాం కాబట్టి వినిపించేది ఇంజను మోత. టైరు హోరు మిగతా శబ్దాలను మింగేసేది సుమారు 50 కిలోమీటర్ల వేగం దాటాకే. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు వెళ్ళే హైవే మీద ట్రాఫిక్ పలచగా ఉన్న ఒక నేరు ముక్క ఎంచుకోండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. అద్దాలు మూసి, ఏసీ, పాటలు ఆపి, 60లో ఒకసారి, 80లో ఒకసారి వెళ్ళండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌లో సగటు రాసుకోవాలి. నడిపేవాళ్ళు ఫోన్ ముట్టుకోకూడదు. ఫోన్ చూపే అంకె పూర్తిగా నిజం కాకపోవచ్చు. కానీ అదే ఫోన్, అదే రోడ్డు, అదే వేగం అయితే పనికి ముందూ తర్వాతా ఉన్న తేడా నమ్మదగిందే.

ఇప్పుడు డిక్కీ ఖాళీ చేయండి. కార్పెట్, కింద అట్ట, స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ బయటికి. పక్కల రేకును కప్పే ప్లాస్టిక్ ట్రిమ్ క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ తక్కువ ధరకే దొరుకుతుంది. క్లిప్పు ఎక్కడుందో వేలితో తడిమి, దాని పక్కనే టూల్ దూర్చి లేపండి. ఒక్కో దశకూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వెనక సీటు బెల్టు బోల్టులు విప్పవద్దు. స్తంభం మీది ట్రిమ్‌పై ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే అటువైపు వెళ్ళకండి, అది మన పని కాదు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్ళు సిలిండర్‌నూ, దాని బ్రాకెట్లనూ, గ్యాస్ పైపులనూ కదపకుండా చేతికి అందే వీల్ ఆర్చ్‌లు (చక్రం మీద ఒంపు తిరిగిన రేకు) మాత్రం చేసుకోండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్ల జోలికి వెళ్ళవద్దు.

రేకు బయటపడ్డాక వేలి కణుపుతో కొట్టి వినడం ఈ పాఠంలో అసలు విద్య. విశాలంగా, చదునుగా ఉన్న చోట ‘టంగ్’మని మోగుతుంది. మడతలు, గాడులు ఉన్నచోట ‘టక్’మని ఆగిపోతుంది. కంపెనీవాళ్ళు రేకుకు గాడులు వేసేది అది గట్టిగా ఉండాలనే, అక్కడ మనం చేయాల్సింది పెద్దగా లేదు. మోగిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఈ పనికి పది నిమిషాలు తొందరపడకుండా ఇవ్వండి.

ఒకచోట బ్యూటైల్ ముక్క అతికించి మళ్ళీ కొట్టి చూడండి. మోగుతున్న గుడి గంట మీద అరచెయ్యి వేసినట్టు మోత అక్కడికక్కడ ఆగిపోతుంది. లోపల జరిగేది ఇది: రేకు వంగినప్పుడు కింద రేకుకూ పైన అల్యూమినియం పొరకూ మధ్య చిక్కిన బ్యూటైల్ అటూ ఇటూ సాగుతుంది, ఆ సాగడంలో అదురు కాస్తా కొద్దిపాటి వేడిగా మారిపోతుంది. పైనున్న అల్యూమినియం పలచగా ఉంటే బ్యూటైల్‌తో పాటు అదీ వంగిపోతుంది, సాగడం జరగదు. షాపులో షీటు మందం ఒక్కటే అడిగి ఊరుకోకండి. 2 మిల్లీమీటర్ల షీటు మీద 100 మైక్రాన్ల అల్యూమినియం ఉంటే మంచి సరుకు.

షాపులో ‘మొత్తం కొట్టేద్దాం సామీ, ఒక్క అంగుళం కూడా వదలొద్దు’ అంటారు. ఒప్పుకోకండి. చదునైన రేకులో నడిమధ్యన నాలుగో వంతు కప్పితే అదురు చాలావరకు చచ్చిపోతుంది. మిగతా మూడు వంతులకు పెట్టే ఖర్చుకు వచ్చే లాభం కొంచెమే. బరువు మాత్రం ఊరుకోదు, ఈ షీటు చదరపు మీటరుకు 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టి కారును బరువెక్కించుకుని మైలేజీ పోగొట్టుకోవడం ఎందుకు?

శుభ్రం చేయడం విసుగు పని, కానీ షీటు పదేళ్ళు నిలిచేదీ పది నెలల్లో ఊడేదీ ఇక్కడే తేలుతుంది. దుమ్ము వాక్యూమ్‌తో లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో జిడ్డు పోయేదాకా తుడవండి. తలుపులన్నీ తెరిచి ఉంచండి, దగ్గర నిప్పు ఉండకూడదు. పెట్రోలుతో మాత్రం తుడవకండి. ఎక్కడైనా తుప్పు కనిపిస్తే ముందు దాన్ని గీకి ప్రైమర్ వేయాలి. తుప్పు మీద షీటు వేస్తే లోపలే రేకును తినేస్తుంది.

పని పొద్దున్నే నీడలో మొదలుపెట్టండి. మన తిరుపతి మే నెల ఎండలో రేకు కాలిందంటే షీటు తాకిన క్షణమే కరుచుకుంటుంది, సరిచేసుకునే వీలుండదు. వెనక కాగితం కూడా సరిగా ఊడిరాదు. తారు షీట్లు చవకగా దొరికినా వద్దనేది ఈ ఎండ వల్లే. 40 డిగ్రీలు దాటిన రోజున, మూసిన కారులో అవి మెత్తబడి వాసన కొడతాయి, నిలువు గోడల మీదినుంచి జారతాయి.

షీటును చిన్న ముక్కలుగా కోసుకోండి. అంచులు చేతులను కోస్తాయి, గ్లౌజులు తప్పనిసరి. కాగితం ఒక అంచున కొంచెమే తీసి, అతికించి, మిగతాది లాగుతూ పోవాలి. తర్వాత రోలర్‌తో బలంగా నొక్కండి. షీటు మీది గళ్ళ అచ్చు చదునైపోతే పట్టినట్టు. కింద గాలి బుడగ ఉన్నంత మేర షీటు ఉన్నా లేనట్టే. బుడగను బ్లేడుతో పొడిచి గాలి పోనిచ్చి మళ్ళీ రోల్ చేయండి.

కప్పకూడని చోట్లు బాగా గుర్తుపెట్టుకోండి. డిక్కీ పక్కల, వెనక బంపర్ వెనకాల, రబ్బరు రెక్కలున్న చిన్న గాలి కిటికీలు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది వాటిలోంచే. మూస్తే తలుపులు గట్టిగా తోస్తే తప్ప పడవు, వానలో అద్దాలకు ఆవిరి పడుతుంది. స్టెప్నీ గుంతలోని రబ్బరు బిరడాలు, బోల్టులు, టెయిల్ ల్యాంప్ వైర్ల ప్లగ్గులు వదిలేయండి. వెనక సీటు కింద పెట్రోలు పంపు మూత ఉంటుంది, అది రేపు మెకానిక్ తెరవాల్సి వస్తుంది. నేలకు ఎక్కడా స్క్రూ దించకండి, కింద ట్యాంకూ పైపులూ ఉంటాయి.

వీల్ ఆర్చ్ దగ్గర నాలుగో వంతు లెక్క నేను పక్కన పెడతాను. ఒంపు తిరిగిన రేకు కాబట్టి అది పెద్దగా మోగదు. కానీ టైరు దాని అవతల చేతెడు దూరంలో ఉంది, కంకర రాళ్ళు నేరుగా తగులుతాయి. అక్కడ కావాల్సింది బరువు కూడా. కాబట్టి వీల్ ఆర్చ్‌ను దాదాపు పూర్తిగా కప్పండి. ఒంపు దగ్గర పెద్ద షీటు ముడతలు పడుతుంది, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, అంచులు ఆనేలా వేయండి. దాని మీద 6 నుంచి 10 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్ళు పీల్చుకోని రకం) అతికించండి. ట్రిమ్ మళ్ళీ కూర్చుంటుందో లేదో ముందే పెట్టి చూసుకున్నాకే మందం తేల్చుకోండి.

బయటివైపు కూడా ఒకసారి వంగి చూడండి. తక్కువ వేరియంట్లలో చాలావాటికి వెనక వీల్ ఆర్చ్ లైనర్ (రేకును బయటినుంచి కప్పే తొడుగు) ఇవ్వరు, ఒట్టి రేకే ఉంటుంది. అదే కారు పై వేరియంట్‌కు లైనర్ ఉంటే, స్పేర్ పార్ట్స్ షాపులో విడిగా కొని బిగించుకోండి. పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చేది ఈ మొత్తం పాఠాల్లో ఇంకొకటి లేదని నా నమ్మకం.

పక్క ట్రిమ్‌కూ బయటి రేకుకూ మధ్య ఖాళీలో, గాలి కిటికీలకు అడ్డం రాకుండా, పాలియెస్టర్ ఫైబర్ నింపవచ్చు. నూలు ఫెల్టు వద్దు. తిరుపతిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. 2021 నవంబరులో వీధులు మునగడం మనం చూశాం. నూలు ఒకసారి తడిస్తే ఆ మూలల్లో ఆరదు, వాసనా తుప్పూ అక్కడే మొదలవుతాయి. స్టెప్నీ గుంతలో కూడా ఇదే కారణంతో పీల్చుకునే సరుకేదీ పెట్టకండి. వినైల్ మ్యాట్ ఉంటే దాన్ని అతికించకుండా, డిక్కీ అట్ట కొలతకు కోసి కార్పెట్ కింద పరవండి. పంక్చరైన రోజున ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు.

అన్నీ బిగించి అదే రోడ్డు మీద, అదే వేగాల్లో మళ్ళీ కొలవండి. సగటు 2 డెసిబెల్స్ తగ్గినా మంచి పనే చేశారు. అంకె పెద్దగా మారకపోయినా వెనకనుంచి వచ్చే బరువైన గుమ్ముమనే మోత తగ్గినట్టు చెవికి తెలిస్తే చెవినే నమ్మండి. యాప్‌లు మామూలుగా వాడే డీబీఏ కొలత లోతు శబ్దాలను తక్కువ చేసి చూపిస్తుంది. యాప్‌లో లోతు శబ్దాలను అంతగా తగ్గించని డీబీసీ కొలత ఉంటే అది కూడా రాసుకోండి. ఇప్పుడు ముందువైపు హోరు ఎక్కువైనట్టు అనిపించవచ్చు. అది పెరగలేదు, వెనకది తగ్గడం వల్ల బయటపడింది.

వచ్చే పాఠం ముందు తలుపులు. ఈలోగా మీ కారు తలుపు ట్రిమ్‌కు ఏ సైజు క్లిప్పులు పడతాయో కనుక్కుని ఒక డజను కొనిపెట్టుకోండి. తలుపు కింది అంచున నీళ్ళు కారే రంధ్రాలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో చూసి కాగితం మీద గీసుకోండి. తలుపు పని ఆ కాగితం చూసుకుంటూనే మొదలుపెడతాం.